నల్లబల్ల మీద కింది సగం

నేను ఒక నల్లబల్లను. ఇప్పుడు చూస్తే ఆ మాట మీరు నమ్మరేమో. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది, ఎడమ మూల చెదలు తినేశాయి, చీరాల ఊరి చివర పాతసామాన్ల కొట్టులో తల లేని కుట్టుమిషను ఒకదానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. అయినా నా ఒంటి మీద రెండు చోట్ల రాత ఇంకా చెక్కుచెదరలేదు. పైన ఒకరి రాత, కింద ఇంకొకరి రాత. ఒకటి నిజం, ఒకటి అబద్ధం. నా మీద ఎవరైనా అబద్ధం రాయడం అదే మొదలు, అదే ఆఖరు. దాని సంగతి చెప్పాలనే ఇవాళ నోరు విప్పాను.

నన్ను పక్కనే ఉన్న పేరాలలో ఒక వడ్రంగి మామిడి పలకలతో చేశాడు. మొదట ఒక చిన్నబడిలో పదకొండేళ్ళు ఉన్నాను. శనివారం శనివారం పిల్లలు బొగ్గూ దొండాకూ కలిపి నూరి నాకు రుద్దేవాళ్ళు. అప్పుడు నా మీద రాసినవన్నీ నిజాలే, పిల్లలకు వాటి మీద ఏమాత్రం నమ్మకం లేకపోయినా. తరవాత గోడకే సిమెంటు బల్ల కట్టించి నన్ను వరండాలో పడేశారు. ఆ బడి మాస్టారు తన లాగు నడుము వదులు చేయించుకోవడానికి దర్జీ కొట్టుకు వెళ్ళి, మాటల మధ్య నా గురించి చెప్పారు. సాయంత్రానికి నేను దర్జీ కొట్టు గుమ్మం పక్కకు వచ్చాను.

ఆ కొట్టు ఇద్దరిది. సుభానీ గుడ్డ కత్తిరిస్తాడు, ఆదిశేషు కుడతాడు. సుభానీ నిదానస్తుడు. కొలత రెండుసార్లు తీసుకుంటే గాని కత్తెర పట్టడు, అడిగితే గాని మాట్లాడడు. శేషు అలా కాదు. మిషను తొక్కుతూనే ఊళ్ళో వాళ్ళందరి గొంతులూ పలికించేవాడు. మునసబు దగ్గు, సినిమా హాలు మేనేజరు నడక, తన మేనత్త శాపనార్థాలు, ఏదడిగితే అది చేసి చూపించేవాడు. ఒక్కటే లోపం, మాట పడలేడు. పిసరంత మాటకు పది రోజులు మొహం ముడుచుకునేవాడు. ఆ పది రోజులూ సుభానీయే టీ తెచ్చి మిషను పక్కన పెట్టి, ఏమీ జరగనట్టు వెళ్ళి కత్తెర పట్టుకునేవాడు. పదకొండో రోజు శేషు నవ్వేవాడు.

కొట్టుకు ఎదురుగా సినిమా హాలు. ఇద్దరికీ సినిమా అంటే ఇష్టమే గాని పిచ్చేమీ లేదు. ఏది ఆడితే అది చూసేవాళ్ళు. కాకపోతే ఇద్దరూ ఒకేసారి వెళ్తే కొట్టు మూతపడుతుంది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం ఆటకు ఒక్కటే టిక్కెట్టు. మొదటి సగం సుభానీ చూస్తాడు. విశ్రాంతి అని తెర మీద పడగానే బయటికి వచ్చి, చింపిన సగం టిక్కెట్టు శేషు చేతిలో పెట్టి, మసీదులో సాయంత్రపు అసర్ నమాజు చేసుకుని కొట్టుకు వచ్చేస్తాడు. శేషు మిషను మీద నుంచి లేచి రెండో సగం చూసి వస్తాడు. సాయంత్రం ఒకరి సగం ఒకరికి చెప్పుకుంటారు. సుభానీ నాలుగు ముక్కల్లో చెప్పేవాడు. శేషు మాత్రం గజం బద్ద చేత పట్టుకుని విలనై, మెడలో టేపు వేసుకుని హీరోయినై, మొత్తం ఆడి చూపించేవాడు. ఇరవై ఏళ్ళపాటు సుభానీ ఒక్క సినిమా ముగింపు కూడా తెర మీద చూడలేదు. అన్నీ శేషు మొహం మీదే చూశాడు.

నా మీద మొదట్లో ‘రంజాను బట్టలు ఇక తీసుకోబడవు’ అని రాసేవాళ్ళు, ఆ వెంటనే తీసుకునేవాళ్ళు. అది అబద్ధం కాదు, బేరం. సినిమా రాతలు విసుగు వల్ల మొదలయ్యాయి. శనివారం వచ్చిన ప్రతివాడూ ‘సినిమా ఎట్టా ఉంది?’ అని అడగడం, ప్రతివాడి కోసం శేషు మిషను ఆపడం. ఒకరోజు ఇక వేగలేక సుద్ద తీసుకుని నా మీద అడ్డంగా గీత గీశాడు. గీతకు పైన సుభానీ రాయాలి, కింద తను రాస్తాడు. సినిమా పేరు రాసేవాళ్ళు కాదు. ఎదురు గోడ మీద పోస్టరు కనిపిస్తూనే ఉంటుంది, మళ్ళీ పేరెందుకు?

ఒకసారి పైన ‘హీరో నిద్ర లేచేసరికి విశ్రాంతి’ అనీ, కింద ‘మళ్ళీ పడుకున్నాడు’ అనీ రాశారు. ఇంకోసారి పైన ‘పాటలు బాగున్నాయి, కథకు చోటు దొరకలేదు’, కింద ‘దొరికింది గాని అప్పటికి జనం లేరు’. దర్జీల చూపు ఎక్కడికి పోతుంది? ఒక సినిమాకు సుభానీ ‘విలన్ చొక్కా కటింగు అద్భుతం’ అని రాస్తే, శేషు ‘ఆ చొక్కా చివర చింపేశారు, బాధేసింది’ అని రాశాడు. ఒక ఏడుపు సినిమాకు సుభానీ ‘తల్లి ఏడ్చింది, నాకూ ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు’ అంటే, కింద శేషు ‘ఎందుకో రెండో సగంలో చెప్పారు, ఏడుపు ఆగిపోయింది’ అన్నాడు. అన్నదమ్ముల సినిమాకు పైన ‘విడిపోయారు’, కింద ‘కలిశారు’. అంతే. ఆ వారం నన్ను చూసి నవ్వని మనిషి లేడు.

జనం హాలుకు పోయే ముందు నా దగ్గర ఆగడం మొదలుపెట్టారు. హాలు మేనేజరుకు ఇది కంటగింపయింది. ఒకనాడు వచ్చి మెత్తగా అన్నాడు.

“ఏం శేషూ, రేపటి సినిమా సంగతి ఇవాళే నాలుగు మంచి ముక్కలు రాసెయ్యరాదూ? ఇద్దరికీ పాసులిస్తా, పక్కపక్కన కూర్చుని చూడండి.”

శేషు కాదు, సుభానీ మాట్లాడాడు. అడగకుండా అతను మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

“చూడకుండా రాయం సార్. నేను వాడి సగం సంగతి రాయను, వాడు నా సగం సంగతి రాయడు. ఎవురు చూసింది వాళ్ళే రాయాల.”

ఆ మాట విని నేను కూడా కొంచెం నిటారుగా నిలబడ్డాను.

ఇలా ఉండగా ఓడరేవు ఒడ్డుకు సినిమా వాళ్ళు వచ్చారు. బట్టలు సరిచేసే మనిషికి జ్వరం తగిలిందట, దర్జీ కావాలన్నారు. శేషు పది రోజులు వెళ్ళాడు. అక్కడ కూడా ఊరుకోకుండా అందరి గొంతులూ పలికించాడేమో, మద్రాసు వస్తావా, బట్టల విభాగంలో పనుంది, వీలైతే వేషం కూడా చూద్దాం అన్నారు. ఆ సాయంత్రం శేషు మిషను తొక్కకుండా ఆ సంగతి చెప్పాడు.

“పోతావా?” అన్నాడు సుభానీ.

“పొమ్మంటావా?”

“నలభై దాటినై. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు పోతావు?”

“మరి ఇక్కడ రెండో సగం?”

“నువ్వొచ్చి రాద్దువులే. ఖాళీగా ఉంచుతా” అన్నాడు సుభానీ.

మనుషులు ఇలాంటి మాటలు చాలా అంటారు, మర్నాటికి మరిచిపోతారు. సుభానీ మరవలేదు. శేషు వెళ్ళాక మూడేళ్ళు, ప్రతి శుక్రవారం మొదటి సగం చూసి, సగం టిక్కెట్టు జేబులో వేసుకుని వచ్చి, పైన ఒక వాక్యం రాసేవాడు. కింద ఖాళీ. కుట్టడానికి ఎవరినో పెట్టుకున్నాడు గాని సినిమాకు పంపలేదు. పక్కన పూలు అమ్మే అంజమ్మ ఉండబట్టలేక అడిగింది.

“ఏందయ్యా ఇది, ఇప్పుడు ఒక్కడివేగా, కూర్చోని మొత్తం చూడరాదూ? డబ్బులిచ్చి సగం చూసి వచ్చేదేంది?”

“ఆ సగం మా శేషుది” అన్నాడు. ఆమె తల కొట్టుకుంది.

ఈ సంగతి శేషుకు తెలియదు. వెళ్ళేనాడు సుభానీ అన్న మాట ఊరికే ఓదార్పుకు అన్నదనుకుని ఉంటాడు. సుభానీ ఉత్తరాలు కూడా అతని మాటల్లాగే నాలుగు ముక్కలు. క్షేమం, వాన పడింది, మిషనుకు నూనె వేశాను. కింద ఖాళీ ఉంచుతున్నానని ఎప్పుడూ రాయలేదు. రాసి ఉంటే ఈ కథ లేదు.

మూడో ఏడు చివర ఉత్తరం వచ్చింది. సుభానీ దాన్ని గుమ్మంలో నిలబడి పైకి చదివాడు, అంజమ్మ కోసం. ‘శుక్రవారం మన హాల్లో నా సినిమా. వేషం చిన్నదే గాని మాట ఉంది. ఎక్కడొస్తానో చెప్పను, నువ్వే కనిపెట్టు. చూసి బల్ల మీద రాయి. మొహమాటపడొద్దు. శనివారం పొద్దున రైలుకు దిగి, ముందు బల్ల చదివి ఆ తరవాతే నీ మొహం చూస్తా.’

ఆ శుక్రవారం సుభానీ తనకోసం తనే కుట్టుకున్న చొక్కా వేసుకుని వెళ్ళాడు. విశ్రాంతికి బయటికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

“కనపడ్డాడా?” అంది అంజమ్మ.

“లేడు. గుంపుల్లో కూడా యెతికా. సినిమా కూడా చప్పగా ఉంది.”

“అయితే రెండో సగంలో ఉంటాడు. పో, లోపలికి పో!”

సుభానీ జేబులోంచి సగం టిక్కెట్టు తీసి చూసుకున్నాడు. అప్పుడు అతని మొహం మీదికి వచ్చిన నవ్వు నేను ఈనాటికీ మరవలేదు.

“వాడు లేకుండా వాడి సగం నేనెట్టా చూస్తానమ్మా? రేపు ఇద్దరం పోతాం. పక్కపక్కన కూర్చోని చూస్తాం. వాణ్ణి తెర మీద చూస్తా, పక్కన చూస్తా. మూడేళ్ళు ఆగినోణ్ణి ఒక్క రోజు ఆగలేనా?”

ఆ పైన సుద్ద తీసుకున్నాడు. బల్ల మీద అబద్ధం రాయడు కదా. మొహమాటపడొద్దని శేషు కూడా రాశాడు కదా. పైన ఇలా రాశాడు: ‘చాలా నీరసంగా ఉంది. మా శేషు ఎక్కడా లేడు. విశ్రాంతికి లేచి వచ్చేశాను.’ కింది సగం తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ఎప్పటిలాగే ఖాళీగా వదిలి నమాజుకు పోయాడు. ఆ ఖాళీ మూడేళ్ళుగా ఎవరికోసం ఉందో ఊరంతటికీ తెలుసు, ఒక్క శేషుకు తప్ప.

శనివారం పొద్దున సుభానీ కొట్టు తీయకుండానే, నన్ను మాత్రం బయటపెట్టి, స్టేషనుకు వెళ్ళాడు. రైలు ఒంగోలులో నిలిచిపోయిందట. కదిలేదాకా ఓపిక పట్టలేక శేషు బస్సెక్కాడని చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. ఇటు స్టేషనులో సుభానీ బెంచీ మీద కూర్చుని ఉండగా, అటు శేషు బస్సు దిగి, చేతిలో సంచీతో నేరుగా నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

చిక్కిపోయాడు. చెంపలు నెరిశాయి. కొత్త చొక్కా వేసుకున్నాడు. నవ్వుతూనే చదవడం మొదలుపెట్టాడు. పై వాక్యాలు చదివాడు. మళ్ళీ చదివాడు. కింద ఖాళీ చూశాడు. మూసిన తలుపులు చూశాడు. మూడేళ్ళు ఎన్ని మాటలు పడ్డాడో, ఎన్ని గుమ్మాల ముందు నిలబడ్డాడో నాకు తెలియదు. ఒక్క మనిషన్నా కూర్చుని చూస్తాడని నమ్మి వచ్చాడని మాత్రం తెలుసు.

నా మీద ఎన్ని లక్షల అక్షరాలు పడ్డాయో లెక్కలేదు. నా అంతట నేను ఒక్క అక్షరం పుట్టించలేను. ఆ పొద్దున నాకు ఒక్క మాట రాసుకోగల శక్తి ఉంటే ‘ఆగు’ అని రాసుకునేదాన్ని. ఇది నీకోసం ఉంచిన చోటురా పిచ్చివాడా, అతను నీకోసమే స్టేషనుకు వెళ్ళాడు, అతని జేబులో నీ టిక్కెట్టుంది అని అరిచేదాన్ని. అంజమ్మ ఒక్క పది నిమిషాలు ముందుగా బుట్ట దించుకున్నా సరిపోయేది. ఎవరూ రాలేదు.

శేషు నా చట్రం మీదున్న సుద్దముక్క తీసుకున్నాడు. కింది సగంలో రాశాడు. రాసేటప్పుడు అతని వేళ్ళు నన్ను గట్టిగా నొక్కాయి. సుద్దను తిరిగి జాగ్రత్తగా చట్రం మీదే పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

‘రెండో సగంలో ఉన్నాడు. రెండు నిమిషాలే.’

సుభానీ వచ్చి అది చదివి కూలబడ్డాడు. లేచి బస్‌స్టాండుకు పరిగెత్తాడు, అక్కడి నుంచి ఒంగోలు వెళ్ళాడు, ఒంగోలు స్టేషనంతా వెతికి చీకటి పడేవేళకు తిరిగి వచ్చాడు. అప్పటికి ఎదురు గోడ మీద ఇంకో పోస్టరు అంటిస్తున్నారు. మధ్యాహ్నం ఆటకు తొమ్మిది మందే వచ్చారట, సినిమా ఎత్తేశారు. ‘మీ బల్ల చూసే ఎవరూ రాలేదు’ అన్నాడు మేనేజరు. అతనికి అందులో కాస్త సంతోషం కూడా ఉన్నట్టుంది. నిజం మోసినందుకు నేను సిగ్గుపడింది ఆ ఒక్కరోజే.

శేషు రాసింది సుభానీ చెరపలేదు. వానకు పోతుందని భయపడి, తెల్లరంగూ సన్న కుంచే తెచ్చుకుని, శేషు అక్షరాల మీదే రంగు దిద్దాడు. ప్రతి ఒంపూ అతని చెయ్యి ఎలా తిరిగిందో అలాగే. రెండు పూటలు పట్టింది. తన రాత కూడా తుడవలేదు, శిక్షలాగా అలాగే వదిలి, వెలిసినప్పుడల్లా మళ్ళీ సుద్దతో దిద్దేవాడు. నన్ను లోపలి గోడకు తగిలించాడు. ఆ తరవాత అతను సినిమాకు వెళ్ళలేదు.

మద్రాసుకు ఉత్తరాలు రాశాడు. ఇప్పుడు మాత్రం పేజీలు పేజీలు. జవాబు లేదు. రెండుసార్లు వెళ్ళి వెతికి వచ్చాడు. ఇల్లు మారాడన్నారు, ఎక్కడికో చెప్పలేదు, ఉత్తరాలు మాత్రం అందిస్తామన్నారు. ఆ సినిమా ఇంకెక్కడైనా ఆడుతుందేమోనని బెజవాడ వెళ్ళి ఫిలిం పెట్టెలు పంపిణీ చేసేవాళ్ళను అడిగాడు. ఆడని సినిమాల రీళ్ళు ఎప్పుడో కరిగించేశారని చెప్పి నవ్వారట.

పద్నాలుగేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన గుడ్డ సంచీతో కొట్టుకు వచ్చాడు. పేరు మునుస్వామి అనీ, మద్రాసులో శేషుతో కలిసి బట్టలు కుట్టేవాడిననీ చెప్పాడు. సంచీలోంచి శేషు కత్తెర తీసి, గుడ్డ కత్తిరించే బల్ల మీద పెట్టాడు. తరవాత తాడుతో కట్టిన ఉత్తరాల కట్ట పెట్టాడు. సుభానీ రాసినవే. ఒక్కటీ విప్పలేదు.

“కామెర్లొచ్చి పోయిన నెల పోయినాడయ్యా. ఇవి పెట్టెలో దాచుకున్నాడు. విప్పమంటే, సగం చూసి లేచిపోయినోడి ఉత్తరం నేనెందుకు చదవాల అనేవాడు. పారెయ్యమంటే పారేసేవాడు కాదు.”

సుభానీ కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. తెరిచాడు, మూశాడు. మునుస్వామిని అడిగాడు.

“ఆ రెండు నిమిషాలు... ఏం చేశాడయ్యా అందులో? నువ్వు చూశావా?”

“నేను పక్కనే ఉన్నా కదా, ఆ చొక్కాలు నేనే అందించినా. సినిమాలో వాడు దర్జీ. హీరో వచ్చి చొక్కా వేసుకుని, భలే ఉందయ్యా అంటాడు. వీడు తల ఊపాల, అంతే. మాట లేదు. వీడు డైరెక్టరు కాళ్ళావేళ్ళా పడి ఒక మాట పెట్టించుకున్నాడు.”

“ఏం మాట?”

“‘కత్తిరించింది మా సుభానీ బాబూ, నేను కుట్టానంతే. బాగుంటే ఆ పేరు వాడిది’ అని. సుభానీ ఎవర్రా అని మేమందరం నవ్వినాం. ఆ పేరు తీసెయ్యమంటే వేషమే వొద్దన్నాడు.”

సుభానీ కత్తెరను గుండెకు ఆనించుకుని ఏడ్చాడు. ఆ నిదానస్తుడు, నాలుగు ముక్కల మనిషి, గొంతెత్తి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. తెర మీద తన పేరు పలుకుతున్న వేళకు తను మసీదులో మోకరించి, ఆ పలికేవాడి కోసమే దువా చేస్తూ ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు తలచుకున్నది ఒకే నిమిషంలో కావచ్చు. ఆ మాట చేరాల్సిన చెవి మాత్రం ఆ హాల్లో లేదు.

మునుస్వామి వెళ్ళాక అతను నన్ను గోడ మీద నుంచి దించాడు. తడిగుడ్డ తెచ్చి, పద్నాలుగేళ్ళుగా దిద్దుకుంటూ వచ్చిన తన రాతను ఒక్క విసురున తుడిచేశాడు. తెల్లరంగు డబ్బా మూత తీశాడు. గీతకు పైన, తన సగంలో, ఇలా రాశాడు:

‘మొత్తం చూశాను. సినిమా చాలా బాగుంది. రెండో సగం మరీ బాగుంది.’

చూడకుండా రాయనన్న మనిషి రాశాడు. నేను తప్పు పట్టలేదు.

ఆ తరవాత సుభానీ ఆరేళ్ళు బతికాడు. అతని తరవాత కొట్టు సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ళకు పోయింది, హాలు కల్యాణమండపం అయింది, నేనూ శేషు మిషనూ కలిసే ఈ పాతసామాన్ల కొట్టుకు వచ్చాం. ఇప్పుడు నేను ఆనుకుని ఉన్నది దానికే.

మొన్న చెక్క కోసం వచ్చిన ఒకాయన నన్ను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పైది చదివాడు, కిందిది చదివాడు.

“ఇంత బాగుందంట, ఏం సినిమానయ్యా ఇది? పేరు రాయలేదే!” అని కొట్టు యజమానిని అడిగాడు.

“ఏమో, పాతదై ఉంటది. యూట్యూబులో కొట్టి చూడు, దొరికిద్ది” అన్నాడు యజమాని.

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. ఏ పేరు కొట్టాలో తెలియక కాసేపు దాన్ని చేత్తో పట్టుకుని నా ముందే నిలబడ్డాడు. తరవాత ఫోను జేబులో పెట్టుకుని, నా చెక్క పనికి రాదని వెళ్ళిపోయాడు.